వినబడని శబ్దానికీ వోచరు కావాలి

నేను రక్షణశాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. చదివింది బి.కాం. సైన్సు నా సబ్జెక్టు కాదు. కానీ వోచరు లేని ఖర్చుని ఏనాడూ పాస్ చెయ్యలేదు.

సూర్యుడు ఓంకారం పలుకుతున్నాడనీ, దాన్ని నాసా రికార్డు చేసిందనీ చెప్పే వీడియోని 2020 జనవరిలో అప్పటి పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నరే ట్విట్టర్లో పెట్టారు. శూన్యంలో శబ్దం ప్రయాణించదన్నది బళ్ళో చెప్పిన పాఠమే. అయినా ఆ నమ్మకం చావలేదు. ఈమధ్య నాతో పనిచేసిన ఒకాయన "చెవికందని నాదం ఉందని సైన్సే ఒప్పుకుంది కదండీ" అంటూ ఏదో నాదచికిత్స శిబిరానికి డబ్బు కట్టి, బీపీ మాత్రలు మానేశారు.

చెవికందని శబ్దం ఉన్నమాట నిజమే. సెకనుకి 20 కంపనాలకన్నా తక్కువైతే మనకి వినబడదు. ఇన్‌ఫ్రాసౌండ్ అంటారు. అయితే అదీ గాలిలాంటి ఏదో ఒక పదార్థంలోనే ప్రయాణించాలి. దాంతో శాస్త్రజ్ఞులు ఏం చేస్తున్నారో చూడండి.

ఉత్తర ఫిన్లాండులో హుక్కకేరో అనేచోట సైన్యం కాలం తీరిన మందుగుండుని ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో పేల్చేస్తుంది. (కాలం తీరిన సరుకుని లెక్కల్లోంచి కొట్టెయ్యడం నాకు తెలిసిన పనే!) ఆ ధ్వని పైకెళ్ళి, స్ట్రాటోస్ఫియర్‌లో వంగి, కిందికి దిగి, దాదాపు 180 కి.మీ. ఉత్తరాన నార్వేలో ఉన్న పరికరాలకి సుమారు పదినిమిషాల్లో అందుతుంది. పేలిన చోటు తెలుసు, సమయం తెలుసు. కానీ ధ్వని వచ్చినట్టు కనబడే దిక్కు అసలు చోటుకి కాస్త పక్కకి ఉంటుంది. దారిలో అడ్డంగా వీచే గాలి దాన్ని నెట్టడమే కారణం. ఆ తేడానుంచి పైగాలి వేగం లెక్కకడతారు. మామూలు వాతావరణ బెలూన్లు దాదాపు 30 కి.మీ. ఎత్తుదాకానే వెళ్తాయి. ఆపైన గాలి సంగతి తెలుసుకోడానికి ఇదొక దారి. వచ్చిన అంకెని వాతావరణ నమూనాలతో సరిచూస్తారు. తేడా వస్తే దాచరు, ప్రచురిస్తారు. ఆడిట్ అంటే ఇదండీ!

ఇప్పుడు నాదచికిత్సవారిని అడగండి. మీ శబ్దం ఎక్కడ పుట్టింది? ఎప్పుడు? ఏ పరికరం పట్టింది? ఇంకొకరు కొలిస్తే అదే అంకె వస్తుందా? "అనుభవిస్తే తెలుస్తుంది" అంటారు. అనుభవం వోచరు కాదు. సైన్సు పేరు అరువు తెచ్చుకుని, సైన్సు అడిగే లెక్క మాత్రం చూపకపోవడాన్ని మా ఆఫీసులో దొంగలెక్క అనేవాళ్ళం.

మా మిత్రుడికి బీపీ మిషను పెట్టి చూపించాను. పై అంకె 170. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. శిబిరానికి కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. రసీదైనా ఉందా అని అడిగాను.

ఇవ్వలేదట.