పట్టణపు అప్పు, పల్లె లెక్క



హైటెక్ సిటీలో పనిచేసే బిడ్డ ఇంటికొచ్చి "మునిసిపల్ బాండ్లు" అంటే కంగారుపడకండి. బాండు అంటే పట్టణం వ్రాసి ఇచ్చే అప్పుపత్రమే. తలాంతుల ఉపమానంలో యజమానుడే వడ్డీ మాట ఎత్తాడు గనుక, ఈ పత్రికలో ఆ లెక్క చెప్పడం తప్పు కాదని మా అభిప్రాయం.

హైదరాబాదు మహానగర పాలక సంస్థ రోడ్ల పథకం కోసం 2018 ఫిబ్రవరిలో 200 కోట్ల రూపాయలు 8.90 శాతం వడ్డీకి తెచ్చింది. ఆ ఆగస్టులో 195 కోట్లు 9.38 శాతానికి, 2019 ఆగస్టులో 100 కోట్లు 10.23 శాతానికి తెచ్చింది. మైండ్‌స్పేస్ కూడలి వంతెన ఆ పథకంలోనిదే. మన ఊరి లెక్కలో ఇది నూటికి నెలకు 74 పైసలు మొదలు 85 పైసల వరకు. లక్షకు 8.90 చొప్పున పదేండ్లలో వచ్చే వడ్డీ 89,000. అందులో పన్ను పోవాలి, ఈలోగా బియ్యం ధర ఊరుకోదు.

అంత పట్టణమే రూపాయి వడ్డీ ఇవ్వలేదు. మూడు రూపాయలిస్తానని మన గుమ్మం ముందుకు వచ్చేవాడు ఎక్కడనుండి తెచ్చి ఇస్తాడు?

బాండ్ల ఫండు సంగతి వేరు. అది ఎన్నో బాండ్లను కలిపి కొంటుంది. బయట వడ్డీలు పెరిగితే, తక్కువ వడ్డీగల పాత బాండ్ల ధర పడిపోతుంది. అమెరికాలో ఏండ్ల తరబడి నిదానంగా పెరిగిన మునిసిపల్ బాండ్ల సూచీ 2022లో 8 శాతానికి పైగా నష్టపోయింది. అందుచేత వచ్చే వేసవిలో అమ్మాయి పెండ్లికి దాచిన సొమ్ము అందులో పెట్టవద్దు. పదేండ్లు ముట్టనక్కరలేని సొమ్మైతే, బిడ్డచేత కాగితమంతా తెలుగులో చెప్పించుకొని ఆలోచించండి.