కాటిసీను టిక్కెట్టు ఎవరిది?

తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే చాలు, నాటకాల మాట ఎక్కడో ఒకచోట వినపడుద్ది. మొన్న మేము భట్టిప్రోలు మీటింగుకి పోతా అదే బండెక్కాం. ఎదురు బల్ల మీద నలుగురు పెద్దమనుషులు. నలుగురికీ ఒకటే దిగులు. పద్యనాటకానికి పాసులు దొరకలేదు. "ముందు మూడు వరసలు చందాలిచ్చినోళ్ళకే రాసేశారంట" అని ఒకాయన. "కాటిసీను ఆయన వేస్తన్నాడండీ, వెనక నుంచునైనా చూస్తా" అని ఇంకొకాయన. మూడో ఆయన ఫోను తీసి పోస్టరు చూపించాడు. నటుల బొమ్మలున్నాయి. దాతల బొమ్మలున్నాయి. ముఖ్య అతిథుల బొమ్మలు అంతకన్నా పెద్దవి ఉన్నాయి. నాటకకర్త పేరు చిన్నక్షరాల్లో ఒక మూల ఉంది. జాషువా పేరు ఎక్కడా లేదు.

మేము అడిగాం: "అయ్యా, కాటిసీనులో ఆ శ్మశానం పద్యాలు ఎవరు రాశారండీ?"

"బలిజేపల్లి వారు గదా!"

"కాదండీ. గుర్రం జాషువా."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన "ఔనౌను, ఎప్పుడో విన్నా" అన్నాడు. అంతే, మాట మారిపోయింది. వేమూరు స్టేషన్ వొచ్చింది.

ఆ మాట మారిన చోటనే మేము ఈ నాలుగు ముక్కలు మొదలు పెడుతున్నాం.

నాటకం మీద మాకు కోపం లేదు. ముందే చెబుతున్నాం. ఈ గడ్డ మీద పుట్టినోళ్ళకి నాటకం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభలో సత్యభామ వేషం కడితే జనం విరగబడి చూశారు. 1956లో పద్మశ్రీ వొచ్చింది ఆయనకి. తెనాలి పక్క సుద్దపల్లి వాడు ఈలపాట రఘురామయ్య. 'సత్య హరిశ్చంద్రీయం' 1912లో రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు బాపట్ల తాలూకాలో పుట్టినాయనే. తరవాత కాంట్రాక్టు నాటకాలొచ్చాయి. పేరున్న నటుల్ని తలా ఒక ఊరి నుంచి రప్పించి, రిహార్సల్ అన్నది లేకుండా ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని, ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రుల్ని స్టేజీ ఎక్కించేవాళ్ళు. ఎవరి పద్యం ఎంతసేపు సాగింది, ఎవరికి ఎన్ని వన్స్ మోర్లు పడ్డాయి అన్నదే పందెం. డి.వి. సుబ్బారావు కాటిసీను క్యాసెట్లు తిరునాళ్ళల్లో మోగీ మోగీ అరిగిపోయాయి. ఆ పద్యాలు నోటికొచ్చిన ముసలోళ్ళు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు.

కానీ ఆ నాటకాలకి హడావిడి ఎవరు చేశారు? వాట్సాప్ లేని రోజుల్లో ఊరూరా డప్పు కొట్టి చాటింపు వేసింది ఎవరు? మా పెదనాన్న వరస ఆయన ఒకాయన చెబుతాడు: "గుంటలు తీసింది మనమే, గుంజలు పాతింది మనమే, తాటాకు దడి కట్టింది మనమే. పెట్రోమాక్సు లైట్లు నెత్తిన పెట్టుకొచ్చింది మనమే. తీరా ఆట మొదలయ్యేసరికి దడి బయట నుంచున్నది కూడా మనమే. డబ్బులుంటే నేల టిక్కెట్టు. నేలలో కూడా మనకి ఒక వార. వాళ్ళ చాపకి మన చాప తగలకూడదు."

నాటకానికి కావలసిన చాకిరీ అంతా మనది. హడావిడి మనది. టిక్కెట్టు మాత్రం ఊరిది.

ఇప్పుడు దడి లేదు, ఏసీ హాలు వొచ్చింది గదా అంటారు. నిజమే. హాల్లో కులం అడిగి ఎవడూ టిక్కెట్టు చింపడు. మరి పాసు ఎట్టా వొస్తది? దాతకి తెలిసినోడికి వొస్తది. ఆఫీసరుకి వొస్తది. క్లబ్బు మెంబరుకి వొస్తది. ఆ దాతలెవరో, ఆ క్లబ్బులెవరివో, వాళ్ళ చుట్టపక్కాలెవరో వేరే చెప్పాలా? వీళ్ళందరికీ పంచగా మిగిలిన నాలుగు సీట్లకి గేటు దగ్గర తోపులాట. దాన్ని చూపించి "చూశారా, మా నాటకానికి ఎంత గిరాకీయో" అని పేపర్లో ఫొటో. ఒకసారి మేము వెనక గోడకి ఆనుకుని మూడు గంటలు నుంచుని చూశాం. ముందు రెండు వరసల్లో సగం కుర్చీలు ఖాళీ. పాసు తీసుకున్న పెద్దోళ్ళు రాలేదు. వాళ్ళ కుర్చీలో ఇంకొకడు కూర్చోటానికీ వీల్లేదు. టిక్కెట్లు దొరకటం లేదంటే సీట్లు లేక కాదు. ఉన్న సీట్లు ముందే ఒకళ్ళ పేరున రాసి ఉంటాయి గనక. భూమి సంగతి ఎట్టాగో, కుర్చీ సంగతీ అట్టాగే.

ఇక లోపల ఏం చూపిస్తున్నారో అది చూద్దాం.

రాజు గారు మాట కోసం రాజ్యం పోగొట్టుకున్నాడు. ఆలిని అమ్ముకున్నాడు. చివరికి తనని తాను వీరబాహుడికి అమ్ముకుని కాటికాపరి అయ్యాడు. జనం గుండె అక్కడే పగులుద్ది. ఎందుకు పగులుద్ది? శవాలు కాల్చే పని కష్టమైందనా? కాదు. ఆ పని రాజు చేస్తున్నాడని! తరతరాలుగా చేస్తన్నోడి కోసం ఒక్క కన్నీటి చుక్క రాలదు. వాడు వీరబాహుడు. వాడు తాగుతాడు, తూలుతాడు, జనాన్ని నవ్విస్తాడు. రాజు కొన్నాళ్ళు చేస్తే అది విషాదం. మనోడు పుట్టిన కాణ్ణించి చేస్తే అది హాస్యం. ఇంకో సంగతి. మార్కండేయ పురాణంలో ఆ చండాలుడు నిజం చండాలుడు కూడా కాదంట, ధర్మదేవత వేషమంట! అంటే పురాణం మొత్తం మీద మనకి దక్కిన ఒక్క పాత్ర కూడా మనది కాదు.

అయినా ఆ సీనులో మనోడు ఒకడు ఉన్నాడు. స్టేజీ మీద కాదు, పద్యంలో ఉన్నాడు. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టిన జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు ఆ నాటకంలో లేవు. అవి ఆయన ఖండకావ్యంలోవి. నటులు వాటి బలం చూసి తెచ్చి కాటిసీనులో కలుపుకున్నారు. ఇప్పుడు అవి లేకుండా కాటిసీను లేదు. జనం కూర్చునేది వాటి కోసం, వన్స్ మోర్లు పడేది వాటికి. రాజు నోట పలికే మాట వినుకొండ వాడ నుంచి వొచ్చిన మాట. అంటరానివాడని సభల్లో అవమానాలు పడ్డ కవి మాట. చావు దగ్గర అందరూ సమానమే అన్న ఆ మాటకి చప్పట్లు కొడతారు. బతుకులో సమానం ఎప్పుడయ్యా అంటే మాట మారుస్తారు, ఆ బండిలో మార్చినట్టే.

పద్యం కావాలి, కవి పేరు వొద్దు. డప్పు కావాలి, కొట్టేవాడు వొద్దు. శవం కాల్చాలి, కాల్చినోడు గుమ్మం తొక్కొద్దు. 2020, 2021 కరోనా రోజులు గుర్తు తెచ్చుకోండి. సొంత కొడుకులే దగ్గరికి రాని శవాల్ని మోసి కాల్చింది ఎవరు? ఆ కాటిసీనుకి టిక్కెట్లు లేవు, పాసులు లేవు. చూడటానికి ఒక్కడూ రాలేదు.

"అయితే ఆ నాటకాన్ని ఆపించాల" అని మనలో కొందరు కుర్రాళ్ళు అంటున్నారు. వాళ్ళ మంట మాకు తెలుసు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాళ్ళకూరి నారాయణరావు 'చింతామణి'ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అడిగారు, ప్రభుత్వం విన్నది. అడిగినోళ్ళకి పలుకుబడి ఉంది గనక విన్నది. మరి వీరబాహుడి సంగతి మనం అడిగితే వింటారా అని కుర్రాళ్ళ ప్రశ్న. ప్రశ్న న్యాయమైందే. కానీ మా మాట వేరు. నిషేధం అనే కత్తి ఈరోజు వాళ్ళ చేతిలో ఉంది, రేపు మన పాటల మీదికే వొస్తది. రైతుకూలీల కోసం రాసిన 'మా భూమి' నాటకం 1947లో జనంలోకి పోతే దాన్ని కూడా సర్కారు నిషేధించింది గదా. మనకి నిషేధం వొద్దు. మనకి కావలసింది పేరు, కుర్చీ, స్టేజీ.

కుర్చీ ఏం పెద్ద విషయం అనేవాళ్ళకి ఒక్క ఊరి పేరు చెబుతాం. చుండూరు. తెనాలి నుంచి బాపట్ల పోయే బండి ఆ స్టేషన్ మీదగానే పోతది. 1991 జులైలో అక్కడ సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ఒక అగ్రకులస్తుడికి తగిలింది. ఆ కుర్రాడూ టిక్కెట్టు కొనుక్కునే కూర్చున్నాడు. ఆ కాలు తగలటం దగ్గర మొదలై కొట్లాటలు, ఆ తరవాత సాంఘిక బహిష్కారం, చివరికి ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల నరికివేత. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది చొప్పున శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వొదిలేసింది. ఒకే రేటు పెట్టి కొన్న రెండు టిక్కెట్లు ఒకటి కావని చుండూరు మనకి నేర్పింది. అందుకే ఎవరైనా "టిక్కెట్లు దొరకలా" అని నిట్టూరిస్తే, మాకు ముందు ఆ టిక్కెట్టు గుర్తుకొస్తది.

దూరదేశం సంగతి ఒకటి చెబుతాం. న్యూయార్కులో 2015లో 'హామిల్టన్' అనే నాటకానికి టిక్కెట్లు దొరక్క జనం అల్లాడిపోయారు. ఒక్కో సీటు వందల డాలర్లు పలికింది. అమెరికాని స్థాపించిన తెల్లదొరల పాత్రల్ని అందులో నల్లవాళ్ళు, లాటిన్ అమెరికా వాళ్ళు వేశారు. అయినా ఆ రేటుకి కొనగలిగింది ఎక్కువగా డబ్బున్నోళ్ళే. అది విమర్శకి వొచ్చింది. వాళ్ళు చేసిన పని ఏమంటే, రోజూ కొన్ని సీట్లు పక్కన పెట్టి, లాటరీ తీసి, పది డాలర్లకే ఇచ్చారు. పేద పిల్లలు చదివే బడులకి పది డాలర్లకే ఆటలు వేశారు. అంతటితో వర్ణవివక్ష పోయిందని మేము అనటం లేదు. కానీ వ్యాపారం చేసే నాటకం వాడికే సాధ్యమైంది, కళాసేవ అని చందాలు దండే మన పరిషత్తులకి ఎందుకు కాదు?

కాబట్టి తెనాలి, బాపట్ల, రేపల్లె మిత్రులు తమ ఊళ్ళో నాటకాలు వేయించేవాళ్ళ దగ్గరికి పోయి ఈ మాటలు అడగండి. గొడవ పడొద్దు, కాయితం మీద రాసి ఇయ్యండి.

ఒకటి. కాటిసీను ఉన్న ప్రతి పోస్టరు మీదా బలిజేపల్లి పేరు పక్కన అదే సైజులో జాషువా పేరు వెయ్యాల. సీను మొదలు పెట్టేముందు మైకులో ఆ పద్యాలు ఎవరివో చెప్పాల.

రెండు. హాల్లో మొత్తం సీట్లెన్ని, పాసులెన్ని, అమ్మేవెన్ని అని గేటు దగ్గర బోర్డు రాసి పెట్టాల. మొదటి గంట కొట్టేలోపు రాని పాసుల కుర్చీలు నుంచున్నోళ్ళకి వొదలాల.

మూడు. ఊళ్ళో శ్మశానంలో పనిచేసే మనిషిని కుటుంబంతో సహా ముందు వరసలో కూర్చోబెట్టాల. శాలువా కోసం కాదు. వాళ్ళకి నెలకి ఎంత ముడుతుందో ఆ స్టేజీ మీదే అడిగి తెలుసుకోవాల.

నాలుగోది మనకి మనం చెప్పుకునేది. ఒకరి గేటు దగ్గర ఎన్నాళ్ళు నుంచుంటాం? బోయి భీమన్న 'పాలేరు' రాస్తే పల్లెల్లో మనోళ్ళే వేషాలు కట్టారు. పాలేరు పిల్లాడు చదువుకుని పైకొచ్చే ఆ కథ చూసి బిడ్డల్ని బడికి పంపిన తల్లులున్నారు. సెప్టెంబరు 28న ప్రతి పల్లెలో, చర్చి ముందో రచ్చబండ మీదో, ఒక లైటు వేసి జాషువా పద్యాలు మన పిల్లల చేత చదివించండి. రాగం రాకపోతే మామూలు మాటగా చదవండి. ఆ ముసలోళ్ళు ఉండగానే వాళ్ళ నోట్లో ఉన్న పద్యాల్ని ఫోన్లలోకి ఎక్కించుకోండి. వీరబాహుణ్ణి మనమే కొత్తగా రాద్దాం. తాగి తూలే వీరబాహుణ్ణి కాదు, రాజుని కూర్చోబెట్టి "అయ్యా, నువ్వొచ్చి నాలుగు రోజులైంది, నేనొచ్చి నాలుగు వేల ఏళ్ళైంది" అని లెక్క చెప్పే వీరబాహుణ్ణి.

ప్రతి ఏడూ ఆగస్టు 6న చుండూరు రక్తక్షేత్రం దగ్గర కలుస్తాం గదా. అక్కడ గేటు లేదు. పాసు లేదు. వరసలు లేవు. ఎవరి కాలు ఎవరికి తగిలినా "జరగరా" అనేవాడు లేడు. మన మొదటి ఆట అక్కడ వేద్దాం. బండిలో కలిసిన ఆ నలుగురు పెద్దమనుషుల్ని కూడా పిలుస్తాం. టిక్కెట్టు దొరకలేదనే బాధ అక్కడ ఎవరికీ ఉండదు. వొచ్చి మా పక్కన నేల మీద కూర్చుంటే చాలు.