మరుపును తీసిపారెయ్యకండి

నరసరావుపేటలో ఏ అరుగు మీద కూర్చున్నా వినిపించే మాటే: "పెద్దవయసులో మరుపు మామూలేగా!" కళ్లజోడు ఎక్కడ పెట్టారో గుర్తురాకపోవడం మామూలే. ఏటా కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లొచ్చే మనిషి సొంత వీధికి దారి తప్పితే అది మామూలు కాదు. దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతానికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా.

పరీక్ష అనగానే స్కానింగే అనుకుంటాం. మొదట జరిగేవి కాసిని ప్రశ్నలే: తేదీ చెప్పడం, నాలుగు మాటలు గుర్తుంచుకోవడం, గడియారం బొమ్మ గీయడం. బడి మొహం చూడని మిర్చి రైతు చేతికి పెన్సిలిచ్చి గడియారం గీయమంటే, బయటపడేది మరుపా, చదువులేమా? ఈ చిక్కు పరిశోధకులకూ తెలుసు. అందుకే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగు సహా అయిదు భాషల్లో పరీక్షలు రూపొందించింది. అన్నట్టు, హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో వెలువరించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది. మన పేటలో తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడే తాతలు ఇది వింటే మీసం మెలేస్తారు.

బీ12 లోపం, థైరాయిడ్, దిగులు, నిద్రమాత్రలు కూడా మరుపు తెస్తాయి. వీటిలో చాలావాటికి మందుంది. డాక్టరు దగ్గరికి పెద్దాయన్ని ఒంటరిగా పంపకండి. వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని, ఇంట్లో మార్పు గమనించినవారే వెంట వెళ్లండి.