మూత తీస్తేనే పప్పేదో తెలిసేది!

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే కనిపించేవి జావా, పైథాన్ కోర్సుల బోర్డులే. అక్కణ్నుంచి పంజాగుట్ట దాకా సందుల్లో హాస్టళ్లు. మెస్ బోర్డు మీద 'గోంగూర పప్పు' అని ఉంటుంది. గోంగూర దొరకని రోజున గిన్నెలో ఉండేది దోసకాయ పప్పు! బోర్డు తుడిచి రాసే తీరిక వంటమనిషికి ఉండదు. అందుకే అలవాటైనవాళ్లు బోర్డు చూడరు, మూత తీసి చూస్తారు. సాఫ్ట్‌వేర్‌లోనూ అచ్చం ఇదే తంతు.

ఏ అప్లికేషనూ పూర్తిగా సొంత వంట కాదు. ఎవరో రాసిపెట్టిన లైబ్రరీలను అరువు తెచ్చుకుంటుంది. అవి మరికొన్నింటిని వెంటబెట్టుకొస్తాయి. వీటినే డిపెండెన్సీలంటారు. జావాలో మావెన్ వాడేవాళ్లు ఈ చిట్టాను పామ్ ఫైల్లో రాసుకుంటారు. కానీ ఒకే లైబ్రరీని ఇద్దరు రెండు వెర్షన్లలో అడిగితే, మావెన్ దగ్గరి చుట్టం అడిగినదాన్నే తెస్తుంది. సర్వర్లో అప్పటికే పాత కాపీ ఉంటే అదే ముందు లోడ్ కావచ్చు. చిట్టాలో ఉన్నదొకటి, నడిచేది మరొకటి!

ఈ తేడా ఎంత ప్రమాదమో 2021 డిసెంబరులో తెలిసొచ్చింది. జావా ప్రోగ్రాములు తమ దినచర్య రాసుకోవడానికి వాడే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో లోపం బయటపడింది. తీవ్రత పదికి పది. దొంగ పంపిన ఒక్క వాక్యాన్ని లాగ్‌లో రాసుకుంటే చాలు, సర్వర్ అతని చేతికి చిక్కొచ్చు. విరుగుడుగా 2.15 వెర్షన్ వచ్చింది. అదీ చాలక అదే నెలలో 2.16, 2.17 వచ్చాయి. ప్రపంచమంతటా ఇంజినీర్లకు నిద్ర లేకుండా చేసిన ప్రశ్న ఒక్కటే... 'మన దగ్గర నడుస్తున్నది ఏ వెర్షన్?'

జవాబును నడుస్తున్న ప్రోగ్రామునే అడగొచ్చు. మావెన్ కట్టిన జార్ ఫైల్లో సాధారణంగా 'పామ్ డాట్ ప్రాపర్టీస్' అనే చిన్న చీటీ ఉంటుంది. లైబ్రరీ పేరు, వెర్షన్ అందులోనే. ప్రోగ్రాము నడుస్తూనే దాన్ని తెరిచి చదవగలదు. ఏ క్లాసు ఏ ఫైల్లోంచి వచ్చిందో కూడా జావాను అడిగి తెలుసుకోవచ్చు. పైథాన్‌లో ఈ పనికి 2019లో వచ్చిన 3.8 వెర్షన్ నుంచి 'ఇంపోర్ట్‌లిబ్ డాట్ మెటాడేటా' ఉంది.

జాగ్రత్తలు రెండు. జార్లన్నీ విప్పి ఒకే మూటగా కలిపేస్తే చీటీలు పోవచ్చు. కాబట్టి మూట కట్టేటప్పుడే పూర్తి చిట్టా లోపల పెట్టాలి. రెండోది, ఆ చిట్టా బయటివాళ్లకు కనిపించకూడదు. ఏ గదికి ఏ పాత తాళం ఉందో దొంగకు రాసిచ్చినట్టే!

సాఫ్ట్‌వేర్ దినుసుల పట్టిక ఎలా ఉండాలో మన సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో మార్గదర్శకాలిచ్చింది. పట్టిక మంచిదే. గిన్నెలో ఉన్నదానితో అది సరిపోలితేనే దానికి విలువ. అమీర్‌పేటలో కోర్సు ముగించిన కుర్రాడికి తొలి ఉద్యోగంలోనే ఏ అర్ధరాత్రో ఈ ప్రశ్న ఎదురుకావచ్చు. ఆ పూట బోర్డు చూసి చెప్పినవాడి మాట కాదు, మూత తీసి చెప్పినవాడి మాటే నిలుస్తుంది.