ఆ తల్లిని ఎవరడిగారు?

పిల్లవాడికి మూడేళ్ళు నిండినా మాట రాకపోతే మనవాళ్ళ వైద్యం ఒక వరసలో నడుస్తుంది. మొదట వసకొమ్ము అరగదీసి నాలుకకి రాస్తారు. తరవాత దిష్టి. ఆ తరవాత తాయెత్తు. "మగపిల్లలకి మాటలు ఆలస్యమేనమ్మా, వాళ్ళ నాన్నకీ నాలుగో ఏటగానీ రాలేదు" అంటూ ఇంట్లో పెద్దావిడ ఇంకో ఏడాది గడిపేస్తుంది. ఇవేవీ పనిచెయ్యకపోతే అప్పుడు ఆఖరి మందు బయటికి తీస్తారు. అది తల్లిని అనడం! కడుపుతో ఉండగా గ్రహణం నాడు బయట తిరిగిందట. ఉద్యోగం వెలగబెడుతూ పిల్లాణ్ణి పనిమనిషికి వదిలేసిందట. ఏడిస్తే సెల్‌ఫోను చేతికిచ్చి కూచోబెట్టిందట. కారణాలకేం కరువు? తండ్రి మీద ఈ మందు ప్రయోగించినవాళ్ళని మాత్రం నేనింతవరకూ చూడలేదు.

ఇదంతా చదువులేనివాళ్ళ చాదస్తం అని యూనివర్సిటీలో కూచున్న మనం నవ్వి ఊరుకోవచ్చు. కాని తల్లిని బోనులో నిలబెట్టిన ఘనత మహాపండితులకీ ఉంది. అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 1943లో పదకొండుమంది పిల్లల్ని గూర్చి రాస్తూ ఆటిజం అనే స్థితిని వివరంగా లోకం ముందు పెట్టాడు. ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువన్న ముక్క కూడా అందులో పడింది. ఆ ముక్క పట్టుకుని "రిఫ్రిజిరేటర్ తల్లులు" అని ఒక బిరుదు తయారుచేశారు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో లావుపాటి పుస్తకమే రాసి నేరమంతా ఇంటిమీద మోపాడు. అంతకు మూడేళ్ళ ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇది మెదడుకి సంబంధించిన సంగతి, పెంపకం తప్పు కాదు అని పుస్తకం రాసి ఉన్నాడు. ఆయన అలాంటి పిల్లవాడి తండ్రి కూడా. 1969లో కానరే తల్లిదండ్రుల సభలో నిలబడి మిమ్మల్ని నిర్దోషులుగా వదిలేస్తున్నానని చెప్పుకోవలసి వచ్చింది. 1977లో లండనులో కవలపిల్లల మీద జరిగిన పరిశోధన వంశపారంపర్యంగా వచ్చే లక్షణాల పాత్ర ఎంతుందో చూపించింది.

అంటే కేసు కొట్టేసి యాభై ఏళ్ళు దాటింది. తీర్పు కాపీ మాత్రం మన వీధులకి ఇంకా చేరలేదు.

ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా... ఇలా మెదడు పనిచేసే తీరే వేరుగా ఉన్నవాళ్ళని ఈమధ్య న్యూరోడైవర్జెంట్ అంటున్నారు. నోరు తిరగని పేరే. అయినా 'మందబుద్ధి', 'వెర్రిబాగులాడు' అనడంకంటే వెయ్యిరెట్లు నయం. సరే, పేరు అలా ఉంచండి. వీళ్ళకీ, వీళ్ళ ఇళ్ళకీ మనం చేస్తున్న సహాయం ఏమిటి?

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఏమీ లేదనడం అన్యాయం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడే వైకల్యాలుండేవి, ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం వాటిని 21 చేసింది. ఆటిజమూ, డిస్లెక్సియా వంటి చదువు ఇబ్బందులూ అందులో చేరాయి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్ని చిన్నప్పుడే పరీక్షించే ఏర్పాటుంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాదులో మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ 1984 నుంచీ పనిచేస్తోంది. సదరం క్యాంపుకి వెళ్ళి, వరసలో నిలబడి, నలభై శాతం అనిపించుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటే పింఛను వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దాన్ని నెలకు 6,000 చేశారు. ఆ డబ్బు ఎన్ని ఇళ్ళలో బియ్యమూ బస్సు చార్జీలూ అయిందో తెలిసినవాళ్ళెవరూ దాన్ని తక్కువచేసి మాట్లాడరు.

అయితే ఈ మొత్తం వ్యవహారంలో తల్లి ఎవరు? పిల్లాణ్ణి తీసుకొచ్చే మనిషి. ఫారం మీద సంతకం పెట్టే మనిషి. "ఇంటి దగ్గర ఇవి చేయించండమ్మా" అని ఎవరైనా కాగితం ఇస్తే తీసుకునే మనిషి.

మా తమ్ముడికి ఆటిజం. ఇప్పుడు వాడికి పధ్నాలుగేళ్ళు. ఈ పదకొండేళ్ళలో మా అమ్మ ఎన్ని గుమ్మాలెక్కిందో లెక్కలేదు. స్పీచి చెప్పేవాళ్ళు, చేతివేళ్ళకి పని నేర్పేవాళ్ళు, మూడు బళ్ళు. అందరూ మంచివాళ్ళే, అందరూ పనులు చెప్పేవాళ్ళే. రోజుకి అరగంట ఇది, పావుగంట అది, నిద్రపోయేముందు ఇంకోటి. అన్నీ కలిపి చూస్తే రోజుకి ఇరవైనాలుగు గంటలు చాలవు. చెయ్యకపోతే, వచ్చేసారి "ఇంట్లో ప్రాక్టీసు లేదండీ" అని అందరి ముందూ అంటారు. అదిగో, మళ్ళీ ఆ పాత మందే! ఇన్ని గుమ్మాల్లో ఒక్కరంటే ఒక్కరు "నువ్వు రాత్రుళ్ళు నిద్రపోతున్నావా అమ్మా?" అని అడిగిన పాపాన పోలేదు. వాడు రాత్రి రెండింటికి లేస్తాడు. వాడితోపాటు ఆవిడా లేస్తుంది.

మా నాన్నగారు ఓవర్‌టైము పెంచుకున్నారు. అది డబ్బు కోసమూ నిజమే, ఇంటికి ఆలస్యంగా రావడం కోసమూ నిజమే. మగవాడు ఏడవకూడదని చిన్నప్పుడే నేర్పిపెట్టాం కాబట్టి ఆయన దుఃఖానికి డ్యూటీ ఒక్కటే దారి. మా అక్కకి సంబంధాలు చూస్తుంటే ప్రతి ఇంట్లోనూ కాఫీలయ్యాక గొంతు తగ్గించి ఒకే ప్రశ్న వేస్తారు, "తమ్ముడికి ఏమిటట?" అని. ఆ ప్రశ్న విన్న రోజు అక్క మాట్లాడదు. ఎవరికి చెప్పుకుంటుంది? అమ్మకి చెప్తే అమ్మ ఇంకా కుంగిపోతుంది.

ఇలాంటి ఇంటికి మానసికంగా సహాయం కావాలంటే మనవాళ్ళు వెంటనే చెప్పేది "కౌన్సెలింగ్". మంచిదే. కాని మన దగ్గర ఆ పేరుతో జరిగేది చాలాచోట్ల ఉపన్యాసం. ధైర్యంగా ఉండాలమ్మా, దేవుడు నీలాంటి గట్టిదానికే ఇస్తాడమ్మా! ఇవి విని ధైర్యం తెచ్చుకున్న తల్లి ఎవరైనా ఉంటే ఆవిడకి నమస్కారం. అసలు కౌన్సెలింగంటే ఎదటిమనిషి చెప్పేది వినడం. తప్పు నీది కాదని ఒకసారి కాదు, పదిసార్లు చెప్పడం. కోపం వస్తుంది, విసుగు వస్తుంది, ఒక్కోసారి పిల్లాడి మీదే వస్తుంది. అంత మాత్రాన నువ్వు రాక్షసివి కావు అని చెప్పడం. నిద్రపట్టకపోవడం, ఆకలి చావడం, బతుకెందుకనిపించడం అనేవి కనిపెట్టి, అది అలసట మాత్రమేనా, దిగులు జబ్బయిందా అని తేల్చి అవసరమైతే వైద్యుడి దగ్గరికి పంపడం. ఇదంతా ఆవిడ భాషలో జరగాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కి 14416 నంబరు కొడితే రాత్రీ పగలూ మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ సంగతి మన ఇళ్ళలో ఎంతమందికి తెలుసు?

ఇక్కడ ఇంకో చిక్కుంది. దీన్ని గూర్చి పుస్తకాలు రాసేవాళ్ళు ఎక్కువగా ఆలోచించరేమోనని నా అనుమానం. మనసు విప్పి మాట్లాడటానికి తల్లి వచ్చిందనుకోండి. ఆ గంటసేపూ పిల్లాణ్ణి ఎవరు చూస్తారు? ఎదురుగా సైకాలజిస్టు కూచుని "చెప్పండి" అంటాడు, పక్కన పిల్లాడు ఫ్యాను స్విచ్చి వేస్తూ తీస్తూ ఉంటాడు, తల్లి సగం చూపు స్విచ్చి మీదే ఉంటుంది. అంచేత నా వాదన ఇది: ఇలాంటి ఇంటికి మొట్టమొదటి మానసిక వైద్యం రెండు గంటల ఖాళీ. వాణ్ణి భయపడకుండా, కసరకుండా చూసుకోగల ఒక మనిషిని ఇచ్చి, ఆ రెండు గంటలూ తల్లిని పడుకోమనండి, బజారుకెళ్ళమనండి, ఏమీ చెయ్యొద్దనండి. మా అమ్మ ఆరేళ్ళుగా ఒక్క పెళ్ళికి కూడా పూర్తిగా వెళ్ళలేదు. అక్షింతలు వేసి భోజనానికి ముందే వచ్చేస్తుంది.

ఇంతసేపూ తల్లి గురించే చెప్పి, అసలు మనిషిని మరిచిపోయామా? మరవడం మనకి అలవాటే. వాడి ముందే "వీడికేం తెలీదు లెండి" అంటారు. మాట రానంతమాత్రాన వినపడదా? వాడి గురించి వాడి ముందే నిట్టూరిస్తే వాడికి తెలియదా? ఆటిజం ఉన్నవాళ్ళలో ఆందోళనా, దిగులూ మామూలు జనంలోకంటే ఎక్కువని పరిశోధనలు పదేపదే చెప్తున్నాయి. దానికి కొంత కారణం మనమే. రోజంతా "కళ్ళలోకి చూడు, చేతులు ఊపకు, అందరిలా ఉండు" అని వెంటపడితే ఎవడికి దిగులు రాదు? జిమ్ సింక్లెయిర్ అనే ఆటిజం ఉన్న మనిషి 1993లో తల్లిదండ్రులనుద్దేశించి ఒక వ్యాసం రాశాడు. మీరు కలగన్న పిల్లవాడి కోసం ఏడిస్తే ఏడవండి, కాని మా కోసం ఏడవకండి, మేమిక్కడే ఉన్నాం అన్నది దాని సారాంశం. ఆ మాట తల్లిదండ్రులకి చేదుగానే ఉంటుంది. నిద్రలేని తల్లికి మరీ చేదు. అందుకే ఆవిడకి నిద్ర ముందు, ఆ వ్యాసం తరవాత అంటాను నేను.

ఇక మన క్లాసుల సంగతి. మనలో న్యూరోడైవర్జెంట్లు లేరనుకుంటున్నారా? 2007లో 'తారే జమీన్ పర్' వస్తే దేశమంతా ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, మర్నాడు అక్షరదోషాలు రాసే పిల్లాణ్ణి మళ్ళీ మొద్దబ్బాయి అంది. ఆ మొద్దబ్బాయిలు కష్టపడి డిగ్రీ దాటి ఇక్కడిదాకా వచ్చారు, వెనక బెంచీలో ఉన్నారు. ఎవరితోనూ కలవని అమ్మాయిని పొగరంటాం. ఫీజు గడువు మూడుసార్లు మరిచిపోయినవాణ్ణి బాధ్యత లేదంటాం. చట్టం ప్రకారం ఉన్నతవిద్యలో అయిదు శాతం సీట్లున్నాయి. పరీక్షల్లో గంటకి 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మన దగ్గర అడిగేదెవరు? అడిగితే "ఏమిటి నీ వైకల్యం, కనపడదే?" అని కౌంటరులోంచి వచ్చే గొంతు పది మందికి వినిపిస్తుంది. దానికి భయపడి తప్పడమే మేలనుకునేవాళ్ళున్నారు.

బాల స్వాస్థ్య కార్యక్రమం పద్ధెనిమిదేళ్ళ దాకా. భవిత కేంద్రం బడి ఈడు పిల్లలకి. పధ్ధెనిమిది నిండిన మర్నాడు వాడు ఏమైపోతాడు? పింఛను వస్తుంది, కాదనను. పగలంతా ఎక్కడ కూచోవాలి, ఎవరితో మాట్లాడాలి? 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెడితే చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమిస్తారు. ఈ ముక్క చాలామంది తల్లిదండ్రులకి తెలియదు, తెలియక "మా తరవాత వీడికెవరు?" అని రాత్రుళ్ళు గోడకి చెప్పుకుంటారు. కాగితం మీద సంరక్షకుడు దొరికినంతలో ఆ ప్రశ్న తీరదన్నదీ నిజమే. మా ఇంట్లో ఆ ప్రశ్నకి జవాబు నేనే అని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. నేనూ అనను. నాతో ఎవరైనా దీన్ని గురించి ఒకసారి కూచుని మాట్లాడితే బాగుండునని మాత్రం ఉంది. ఈ సంచిక చదువుతున్నవాళ్ళలో అలాంటి జవాబులు ఇంకొందరుంటారని నాకు నమ్మకం.

ప్రభుత్వం చెయ్యాల్సినవి ప్రభుత్వాన్ని అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. జిల్లాకొకచోట పెద్దవాళ్ళకి పగటిపూట కేంద్రం కావాలి, ప్రతి భవిత కేంద్రంలో తల్లిదండ్రుల మాట వినే మనిషి కావాలి. దానికి జీవో వచ్చేలోగా మన చేతిలో ఉన్నదొకటుంది. మన కాలేజీలో సైకాలజీ శాఖ ఉంది. రెండో శనివారం క్లాసులుండవు, గదులు ఖాళీ. రెండు గదులు తీసుకుందాం. ఒకదాంట్లో పిల్లలు, వాళ్ళతో మన ఎమ్.ఏ. విద్యార్థులు. ముందుగా ప్రత్యేక విద్య తెలిసిన టీచరుతో నాలుగు రోజులు శిక్షణ పొందాకే సుమా, ఉత్సాహం ఒక్కటే ఉంటే చాలదు. రెండో గదిలో తల్లులూ తండ్రులూ. అక్కడ ఉపన్యాసాలు నిషేధం. ఇదే దారి నడిచిన ఒక పెద్దావిడని పిలిచి మాట్లాడనిద్దాం, ఒక సైకాలజీ లెక్చరరు పక్కన కూచుని వింటారు. మాట్లాడాలని లేనివాళ్ళు బల్ల మీద తల పెట్టి నిద్రపోవచ్చు. అక్కాచెల్లెళ్ళూ అన్నదమ్ములూ వస్తే వరండాలో వాళ్ళకో బెంచీ. యూనియన్ నిధుల్లోంచి టీ ఖర్చు తప్ప మరేం అడగడంలేదు. మొదటి శనివారానికి మా అమ్మని తీసుకొస్తాను. వస్తానందిగాని, వాడు కొత్తచోట ఉంటాడో లేదో అని ఇప్పటినుంచే బెంగపెట్టుకుంది.