సొట్టకి ధర కట్టే పుస్తకాలు

మేం సత్తు అని పిలిచే అల్యూమినియం పాత సామాన్లు సేకరించేవాళ్ల కోసం అమెరికాలో గైడ్లున్నాయి. పెన్సిల్వేనియాలోని వెండెల్ ఆగస్ట్ ఫోర్జ్ వంటి కార్ఖానాలు 1930ల నుంచి సుత్తితో కొట్టి చేసిన పళ్లేలు, ట్రేలు వాటిలో ఫొటోలతో సహా కనిపిస్తాయి. అడుగున ఎవరి ముద్ర ఉంది, మీద ఏ పువ్వుంది, ఎంత పలుకుతుంది - ఇదీ వరస. పాత గిన్నెల మీద మన దగ్గరా మోజు పెరిగాక, ఇలాంటి పుస్తకం మనకీ కావాలన్న మాట వింటున్నాను. ఎలాంటిది కావాలో ముందే తేల్చుకోకపోతే మన వంటిళ్లని మరోసారి బేరగాళ్ల చేతికి ఇచ్చినట్టే.

గైడ్లు ఎందుకూ పనికిరావని అనను. సుత్తి దెబ్బలన్నీ ఒకే కొలతలో, ఒకే వరసలో ఉంటే అది యంత్రం నొక్కిన అచ్చేమోనని అనుమానించడం నేర్పుతాయి. చేసినవాడి పేరు పోకుండా చూస్తాయి. మరి వాడినామె? ఆమె జాడలన్నీ అక్కడ లోపాలే. సొట్ట లోపం, గీత లోపం, మరక లోపం.

మా అరసవల్లిలో వంట చేసి చేసి చేతులు కాయలు కాసిన ఏ ముసలామెనైనా అడగండి. సత్తు తపేలాలో రోజూ నీళ్లు మరిగితే లోపల నల్లబడుతుంది. చింతపండు పులుసు కాస్తే తెల్లబడుతుంది, నిలవుంచితే సన్నటి గుంటలు పడుతుంది. అందుకే పులుసుకి రాచ్చిప్పో, కళాయి పెట్టిన ఇత్తడి గిన్నో ఉండేది. ఆ రెండూ లేని ఇంట్లో పులుసూ సత్తులోనే కాగింది. ఆ గుంటలు ఒక ఇంటి లేమిని చెబుతున్నాయి. ధరల పట్టీలో దీనికి గడి లేదు.

1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అల్యూమినియం గిన్నెల తయారీ మొదలుపెట్టాడు. 1903లో అది ఇండియన్ అల్యూమినియం కంపెనీ చేతికి వెళ్లింది. అప్పటికి శ్రీకాకుళం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. దొరగారి పేరు, సంవత్సరం, కంపెనీ అన్నీ దొరుకుతాయి. కంచు వదిలి సత్తు పట్టిన మొదటి తరం ఆడవాళ్ల మాట దొరకదు. మా జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కంచు కొనలేని ఇళ్ల సత్తుని ఎవరు గుర్తిస్తారు?

గిన్నెల మీద చెక్కిన పేర్లు కూడా చూడండి. మా అమ్మమ్మ అరవయ్యేళ్లు తోమిన గిన్నెల మీద తాతయ్య పేరుంది. అవి ఆమె పుట్టింటి సారె. స్టీలు కొనడానికి వాటిని తూకానికి వేసిన రోజు ఆమెనెవరూ అడగలేదు. స్త్రీధనం అన్న మాట చట్టంలో ఉంది, తక్కెడ దగ్గర లేదు.

'స్త్రీశక్తి సంఘటన' 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటే ఆధారమైంది. గిన్నెల చరిత్రకీ ఆ దారే కావాలి. ఎవరిచ్చారు, ఏం వండారు, ఎవరు తోమారు, ఎవరు అమ్మేశారు అని ప్రతి గిన్నెకీ రాయాలి, ఆమె పేరుతో రాయాలి. చెప్పగలిగిన వాళ్లు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లు వెళ్లిపోయాక మిగిలేది బరువే.

ధర కూడా రాయాలంటే చివరి గడిలో రాసుకోండి.