వీసా దారి నికాహ్‌కు ముందే తేలాలి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ముస్లిం కుటుంబాలకు విదేశీ సంబంధాలు ఇప్పుడు కొత్త సంగతి కాదు. హైదరాబాదులోని చుట్టాల ద్వారానో, గల్ఫ్‌లో ఉన్న మేనమామ ద్వారానో, పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ల ద్వారానో కబురు వస్తుంది. పెద్దలు ఆరా తీస్తారు. అబ్బాయి ఏం చేస్తాడు, జీతం ఎంత, నమాజు పాటిస్తాడా, ఖాందాన్ ఎలాంటిది? ఇవన్నీ అడగవలసినవే. అమ్మాయి ఆ దేశంలో ఏ వీసాపై అడుగు పెడుతుంది, ఆ వీసా ఎవరి చేతిలో ఉంటుంది అన్న ప్రశ్న మాత్రం వలీమా భోజనాలు ముగిసిన తర్వాతగానీ చాలామందికి గుర్తుకు రాదు. అప్పటికి కొన్ని దారులు మూసుకుపోయి ఉంటాయి.

మనవారు వీసాను కాలంతో కొలుస్తారు. ఏది త్వరగా వస్తే అదే మంచిదని అనుకుంటారు. ఆ కొలత సరికాదని మా అభిప్రాయం. భర్త ఉద్యోగం పోయినా, మనసు మారినా, ఆయన మరణించినా పరాయి గడ్డమీద ఆమెకు ఏ హక్కు మిగులుతుందన్నదే అసలు కొలత.

అమెరికా సంబంధాన్నే తీసుకుందాం. "అబ్బాయి అమెరికాలో ఉన్నాడు" అన్న ఒక్క మాట వెనుక కనీసం మూడు వేర్వేరు స్థితులు ఉంటాయి. అతడు అమెరికా పౌరుడైతే భార్య వీసాకు ఏటా ఇంతమందికే అన్న పరిమితి వర్తించదు. గ్రీన్‌కార్డుదారుడైతే ఏటా పరిమితి ఉన్న వరుసలో ఆమె నిలబడవలసి వస్తుంది. హెచ్-1బి ఉద్యోగి అయితే ఆమెకు దక్కేది హెచ్-4 మాత్రమే. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశకు చేరితే తప్ప ఆమె ఉద్యోగం చేయరాదు. ఆ వెసులుబాటు కూడా 2015లో వచ్చినదే. అతని ఉద్యోగం పోయినా, విడాకులైనా ఆమె హోదా దానితోపాటే పోతుంది. బీటెక్ చదివించిన కూతురిని హెచ్-4పై పంపే తండ్రి ఈ సంగతి తెలిసి పంపాలి.

అబ్బాయి పౌరుడే అయితే రెండు దారులు ఉన్నాయి. ఒకటి కాబోయే భార్యగా వెళ్లే కె-1, రెండవది భార్యగా వెళ్లే వలస వీసా. కె-1పై వెళ్లిన అమ్మాయి అక్కడ దిగిన 90 రోజుల్లో ఆ అబ్బాయినే పెళ్లాడాలి. పెళ్లి జరగకపోతే తిరిగి రావలసిందే. అతణ్ణి కాదని మరొకరిని పెళ్లాడి అక్కడే స్థిరపడే వీలు కూడా ఈ దారిలో లేదు. పెళ్లయ్యాక గ్రీన్‌కార్డుకు వేరే దరఖాస్తు పెట్టుకోవాలి, పని అనుమతి వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలి. భార్య వీసాపై వెళ్లిన అమ్మాయి దిగిన రోజు నుంచే శాశ్వత నివాసి. ఆ రోజే ఉద్యోగంలో చేరవచ్చు. పెళ్లయి రెండేళ్లు నిండకపోతే మొదట రెండేళ్ల షరతులతో కూడిన కార్డు ఇస్తారు. ఆ షరతుల తొలగింపునకు భార్యాభర్తలు కలిసి దరఖాస్తు చేయాలి. అయితే హింసకు గురైన భార్య, విడాకులైన భార్య తన పెళ్లి నిజాయితీగా జరిగిందని రుజువు చేసి ఒంటరిగానూ దరఖాస్తు చేసుకోవచ్చు.

ఖర్చులోనూ కె-1 చవకేమీ కాదు. 2024 ఏప్రిల్ నుంచి అమలైన రుసుముల ప్రకారం కె-1 పిటిషన్‌కు 675 డాలర్లు, వీసాకు 265, అక్కడికి వెళ్లాక గ్రీన్‌కార్డు దరఖాస్తుకు మరో 1,440 డాలర్లు చెల్లించాలి. భార్య దారిలో పిటిషన్, వీసా, కార్డు రుసుములన్నీ కలిపినా 1,400 డాలర్లు దాటవు.

రెండు దారుల మధ్య ఉన్న పెద్ద తేడాను ఏజెంట్లు చెప్పరు. భార్య వీసాకు భర్త ఐ-864 అనే పోషణ హామీపత్రంపై సంతకం చేయాలి. అది ఉత్త కాగితం కాదు. విడాకులైనా ఆ బాధ్యత తీరదు. భార్య పౌరసత్వం పొందేవరకో, చట్టం చెప్పినంత కాలం పని చేసేవరకో, దేశం విడిచి వెళ్లేవరకో అది నిలిచే ఉంటుంది. దాన్ని పట్టుకుని ఆమె అక్కడి కోర్టుకు వెళ్లవచ్చు. కె-1 వీసా దశలో తీసుకునే హామీకి ఆ బలం లేదు. గట్టి హామీపత్రం పెళ్లి తర్వాత గ్రీన్‌కార్డు దరఖాస్తుతోగానీ రాదు. భర్త ఆ దరఖాస్తు పెట్టకుండా కాలయాపన చేస్తే అమ్మాయి చేతిలో ఏమీ ఉండదు. అందుకే పౌరుడితో సంబంధం కుదిరినప్పుడు కాస్త ఆలస్యమైనా భార్య దారే మేలని మేము సూచిస్తున్నాం.

ఇక్కడ మన ఆచారం ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. మంగ్నీ నాడే నికాహ్ చదివించి, రుఖ్సతీ తర్వాత చేద్దామనుకోవడం మన ఇళ్లలో ఉన్నదే. నికాహ్ అయిన అమ్మాయి ఇక కాబోయే భార్య కాదు, భార్యే. ఆమె కె-1 అడగడం చెల్లదు. నికాహ్ సంగతి దాచి అడిగితే అది అబద్ధపు వాంగ్మూలం అవుతుంది, ముందు ముందు అన్ని వీసాలకూ అడ్డు పడుతుంది. అబ్బాయికి సెలవు దొరకలేదని ఫోన్‌లో, వీడియోలో నికాహ్ జరిపిస్తే మరో సమస్య ఉంది. వధూవరులు ఒకేచోట ఎదురుగా లేకుండా జరిగిన పెళ్లిని, ఆ తర్వాత దాంపత్యం మొదలైతే తప్ప, అమెరికా వలస చట్టం గుర్తించదు. వకీలును పెట్టి చేసే నికాహ్ షరీఅత్ ప్రకారం చెల్లుతుందా అన్నది ఉలమాలను అడగవలసిన ప్రశ్న. వీసా అధికారి చూసేది తన చట్టాన్ని మాత్రమే.

ఈ రెండు దారుల్లోనూ ఇంటర్వ్యూ జరిగేది ముంబై కాన్సులేట్‌లోనే. నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్ ఉంది కదా అనుకుని నిశ్చింతగా ఉండరాదు. రైలు ఎక్కాలంటేనే వరంగల్‌కో కాజీపేటకో రావలసిన భూపాలపల్లి కుటుంబం ముంబై ప్రయాణాన్ని, అక్కడి బసను ముందే లెక్కలో వేసుకోవాలి.

బ్రిటన్‌లో భార్య వీసా మొదట 33 నెలలకు ఇస్తారు. 2024 ఏప్రిల్ 11 నుంచి భర్త వార్షికాదాయం 29,000 పౌండ్లు ఉండాలన్న నిబంధన వచ్చింది. అంతకుముందు అది 18,600. అమ్మాయికి ప్రాథమిక స్థాయి ఇంగ్లీషు తప్పనిసరి కాబట్టి తెలుగు, ఉర్దూ మాధ్యమాల్లో చదివిన మన పిల్లలు పరీక్షకు ముందే సిద్ధం కావాలి. అక్కడ కూడా కాబోయే భార్య వీసా ఉంది. దాని గడువు ఆరు నెలలు, పని చేసే హక్కు లేదు. భార్యను ఇండియాకు తెచ్చి వదిలేసి భర్త ఒక్కడే వెళ్లిపోయే దుర్మార్గాన్ని బ్రిటన్ గుర్తించింది. 2024 జనవరి 31 నుంచి అలా వదిలివేయబడిన భార్య ఇక్కడి నుంచే తిరిగి రావడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతి మన బస్తీల్లో ఎంతమందికి తెలుసు?

గల్ఫ్ విషయానికి వస్తే మన సముదాయం మరచిపోకూడని చరిత్ర ఉంది. 1991లో విమానంలో ఏడుస్తూ కనిపించిన హైదరాబాదు బాలికను ఒక ఎయిర్‌హోస్టెస్ గమనించడంతో వృద్ధ సౌదీ వరుడి కథ దేశమంతటికీ తెలిసింది. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఒమన్, ఖతార్ దేశస్థులను, వారితోపాటు ఖాజీలను కూడా అరెస్టు చేశారు. పేదరికం, దళారీలు, కట్నాల గురించి చాలా రాశారు, అవన్నీ నిజాలే. వీసా సంగతి మాత్రం తక్కువమంది రాశారు. సౌదీ పౌరుడు విదేశీ స్త్రీని పెళ్లాడాలంటే తన ప్రభుత్వ అనుమతి ముందుగా పొందాలి. అనుమతి లేని నికాహ్ అక్కడి రికార్డుల్లోకి ఎక్కదు. భార్యగా రికార్డుకెక్కని స్త్రీకి భార్య వీసా ఎలా వస్తుంది? పర్యాటక వీసాపై వచ్చి, వారం రోజుల్లో నికాహ్ చదివించి, "వెళ్లాక వీసా పంపుతాను" అనే పరదేశి వరుడిని మొదట అడగవలసినది ఆ అనుమతి పత్రమే. ఒమన్‌లో అలాంటి అనుమతి అవసరాన్ని 2023 ఏప్రిల్‌లో రాజాజ్ఞతో తొలగించారు. దేశానికొక తీరు ఉంటుంది. అందుకే "గల్ఫ్ సంబంధం" అని ఒకే మాటగా అనుకోవడం ప్రమాదకరం. పెళ్లి చేసుకున్న స్త్రీని సందర్శక వీసాపైనో, ఇంటి పనిమనిషి వీసాపైనో తీసుకెళ్తానంటే ఆ సంబంధాన్ని అక్కడితో ఆపివేయాలి. ఇందులో మాకు రెండో మాట లేదు.

ఇక కాగితాలు. మన వైపు పేర్లే ఒక పరీక్ష. అన్నారం దర్గా పుణ్యమా అని ఈ జిల్లాల్లో యాకూబ్‌లు, యాకూబీలు ఎందరో, హిందువుల్లో యాకయ్యలు, యాకమ్మలూ అందరే. పదో తరగతి మెమోలో "ఎండీ యాకూబ్", ఆధార్‌లో "మహమ్మద్ యాకూబ్ పాషా", నికాహ్ రిజిస్టరులో "ముహమ్మద్ యాఖూబ్" అని ఉంటే వీసా అధికారికి వారు ముగ్గురు మనుషులు. నికాహ్ నాడు ఖాజీ సాహెబ్ ముందు పాస్‌పోర్టు పెట్టి, అందులోని అక్షరాలే సియాహాలో రాయించుకోవాలి. ఆ తర్వాత వక్ఫ్ బోర్డు నుంచి ఇంగ్లీషు ధ్రువపత్రం తెచ్చుకోవాలి. తెలంగాణలో 2002 నాటి చట్టం ప్రకారం పెళ్లి నమోదు ఎలాగూ తప్పనిసరి. విదేశంలో చూపే పత్రానికి విదేశాంగ శాఖ అపొస్టిల్ ముద్ర కావాలి. ఆ ఒప్పందంలో చేరని దేశాలకైతే వారి రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి.

కొందరు సలహాదారులు "స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద రిజిస్టర్ చేయండి, విదేశాల్లో గొడవ ఉండదు" అంటారు. అది చట్టబద్ధమైన దారే. కానీ 30 రోజుల నోటీసు కాలం ఉంటుంది, నెల రోజుల సెలవుపై వచ్చిన వరుడికి అది చాలదు. అంతకన్నా ముఖ్యంగా, ఆ చట్టం కింద నమోదైతే ఆస్తి పంపకం ముస్లిం పర్సనల్ లా ప్రకారం కాక భారత వారసత్వ చట్టం ప్రకారం జరుగుతుంది. కేరళలో న్యాయవాది షుక్కూర్ దంపతులు తమ కూతుళ్లకు ఆస్తి పూర్తిగా దక్కాలని 2023 మార్చి 8న కావాలనే ఆ చట్టం కింద మళ్లీ పెళ్లి చేసుకున్నారు. వారు తెలిసి చేశారు. వీసా కోసం తెలియక చేయడం వేరు.

విదేశీ కోడలో అల్లుడో ఇక్కడికి వచ్చే సందర్భాలు తక్కువైనా, చెప్పక తప్పదు. పెళ్లి నమోదై, రెండేళ్లు ఎడతెగక సాగితే ఓసీఐ కార్డుకు అర్హత వస్తుంది. తానుగానీ, తల్లిదండ్రులుగానీ, తాతముత్తాతలుగానీ పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులైనవారికి ఆ కార్డు లేదు. వారికి మిగిలేది దీర్ఘకాలిక వీసా. 2025 ఏప్రిల్‌లో పహల్‌గామ్ దాడి తర్వాత కేంద్రం పాకిస్తానీయుల వీసాలను రద్దు చేసినప్పుడు దీర్ఘకాలిక వీసాలకు మినహాయింపు దక్కింది, మామూలు వీసాలకు దక్కలేదు. అట్టారీ సరిహద్దు వద్ద తల్లి ఒకవైపు, పిల్లలు మరోవైపు నిలిచిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఉగ్రవాదుల నేరానికి కుటుంబాలను విడదీయడం అన్యాయమని మేము భావిస్తున్నాం. అయినా దీర్ఘకాలిక వీసా దరఖాస్తును "తర్వాత చూద్దాం" అని వాయిదా వేసిన ఇల్లు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో అక్కడ కనిపించింది.

నికాహ్‌నామాలో మెహర్ అంకె ఒక్కటే రాసి వదిలేయవలసిన పని లేదు. నిర్ణీత గడువులోగా భార్య వీసాకు దరఖాస్తు పెట్టాలని, పెట్టకపోతే తలాఖె తఫ్వీజ్, అంటే భర్త తన విడాకుల అధికారాన్ని భార్యకు అప్పగించడం, అమలులోకి వస్తుందని షరతు రాయించుకోవచ్చు. ఫిఖ్‌హ్‌లో ఉన్నదే ఇది, మన కోర్టులు ఒప్పుకున్నదే. షరతు రాస్తే సంబంధం చెడుతుందని భయపడే తల్లిదండ్రులు ఉన్నారు. రెండు వాక్యాలు రాయడానికి ఇష్టపడని వరుడు ఐ-864పై సంతకం పెడతాడని ఎలా నమ్ముతారు?

షరతు లేకుండానే పెళ్లయి, వీసా కోసం ఎదురుచూస్తూ పుట్టింట్లో ఉండిపోయిన చెల్లెళ్లకు కూడా దారి ఉంది. 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం ప్రకారం భర్త రెండేళ్లు పోషణ ఇవ్వకపోతే, నాలుగేళ్లు ఆచూకీ లేకపోతే కోర్టు ద్వారా వివాహం రద్దు చేయించుకోవచ్చు. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలో 2019 నుంచి ఎన్నారై సెల్ పనిచేస్తోంది. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఇలాంటి వివాహాల నమోదును తప్పనిసరి చేసి, పాస్‌పోర్టులో జీవిత భాగస్వామి వివరాలు ముడిపెట్టాలని 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో సిఫారసు చేసింది. 2019లో రాజ్యసభ ముందుకు వచ్చిన ఎన్నారై వివాహ నమోదు బిల్లు ఇంకా చట్టం కాలేదు. మన పార్లమెంటు సభ్యులను అడగవలసిన ప్రశ్నల్లో ఇది కూడా ఉండాలి.

జిల్లాలు విడిపోయి 2016 నుంచి మూడింటికీ వేర్వేరు కలెక్టరేట్లు వచ్చాయి. అయినా వీసా కాగితం అర్థం కాని తండ్రి హైదరాబాదు బస్సే ఎక్కుతున్నాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మైనారిటీ సంక్షేమ కార్యాలయాల్లో వారానికి ఒక రోజు న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాదిని కూర్చోబెట్టాలని, విదేశీ వరుడి నికాహ్ చదివించే ముందు పాస్‌పోర్టు, వీసా, ఆ దేశపు అనుమతి పత్రాల నకళ్లు రిజిస్టరుకు జతపరచాలని ఖాజీలకు వక్ఫ్ బోర్డు ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాం. ఈ రెండింటికీ కొత్త చట్టం అవసరం లేదు.